పరిహాసమా? పరాభవమా?

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: సామాజిక వ్యాసం.

ఉద్దేశం: అనుమతి లేకుండా ఒకరి శరీరాన్ని తాకి, 'హాస్యానికి చేశాను' అని సమర్థించుకోవడం ఎందుకు చెల్లదో విద్యార్థులకు తెలియజేయడం, అటువంటి సందర్భాలలో సమాజం స్పందించే తీరును వివేచనతో పరిశీలింపజేయడం.

నేపథ్యం: కళలోనో, రాజకీయంలోనో, ఉద్యోగంలోనో పేరు గడించిన వ్యక్తి తప్పు చేసినప్పుడు ఆ తప్పు కన్నా ఆయన పేరే ముందు కనబడుతుంది. అమెరికాలోను, మన దేశంలోను జరిగిన కొన్ని సంఘటనల ఆధారంగా ఈ విషయాన్ని చర్చించేదే ప్రస్తుత పాఠ్యాంశం.

పాఠం

హాస్యం మానవ జీవితానికి లభించిన వరం. భరతముని తన నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలను పేర్కొంటూ వాటిలో హాస్యానికి స్థానం కల్పించాడు. అంతటితో ఆగక నవ్వును ఆరు విధాలుగా విభజించాడు. పెదవులపై మెరిసే స్మితం, పలువరుస కొద్దిగా కనిపించే హసితం ఉత్తములకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. అపహసితం, అతిహసితం అధములకు చెందుతాయని చెప్పాడు. నవ్వేవారి సంస్కారాన్ని బట్టి నవ్వు విలువ మారుతుందని మన పూర్వులు ఎన్నడో గ్రహించారన్నమాట.

తెలుగు భాషలో కూడా ఈ భేదం స్పష్టంగా ఉంది. పరాచికం, వేళాకోళం, ఎకసెక్కం, ఎగతాళి అనే పదాలను మనం ఒకే అర్థంలో వాడము. బావామరదళ్లు పరాచికాలాడుకుంటే ఇల్లంతా నవ్వుతుంది, ఆ ఇద్దరూ నవ్వుతారు. ఎగతాళిలో ఒకరు నవ్వితే మరొకరు తలదించుకుంటారు. ఇద్దరూ నవ్వినదే హాస్యం. ఒకరి కంట నీరు తెప్పించి మరొకరు నవ్వితే అది అవమానం. ఈ చిన్న సూత్రాన్ని మరచినందువల్లనే లోకంలో అనేక అన్యాయాలు 'సరదా' అనే ముసుగు వేసుకొని తిరుగుతున్నాయి. వీధిలో, బస్సులో, కళాశాల ఆవరణలో ఆడపిల్లలను వేధించడానికి మన దేశంలో చాలాకాలం 'ఈవ్ టీజింగ్' అనే పేరు చలామణి అయింది. టీజింగ్ అంటే ఆటపట్టించడం. నేరానికే ఆట అని పేరు పెట్టినప్పుడు, ఆ నేరం చేసినవాడు 'ఆటకే చేశాను' అనడంలో ఆశ్చర్యమేముంది?

సామాన్యుడు ఈ సాకు చెబితే వినేవారు కొద్దిమందే. అదే సాకు ఒక ప్రఖ్యాత వ్యక్తి నోట వచ్చినప్పుడు దేశమంతా వింటుంది, వాదిస్తుంది, పక్షాలుగా చీలుతుంది. ఆ వాదోపవాదాలు సమాజం మనస్సుకు పట్టిన అద్దం వంటివి. అటువంటి ఒక సంఘటన 2017లో అమెరికాలో జరిగింది.

అల్ ఫ్రాంకెన్ అమెరికాలో పేరుపొందిన హాస్యనటుడు, రచయిత. 1975లో ప్రారంభమైన 'సాటర్డే నైట్ లైవ్' అనే టెలివిజన్ హాస్య కార్యక్రమానికి తొలినాటి రచయితలలో ఒకరు. తరువాత రాజకీయాలలో ప్రవేశించి, అతి స్వల్పమైన ఆధిక్యంతో గెలిచి, 2009లో మిన్నెసోటా రాష్ట్రం నుండి సెనేటర్ అయ్యారు. స్త్రీల హక్కులను సమర్థించే నాయకుడిగా ఆయనకు మంచి పేరుండేది.

2017 నవంబరు 16న లీయాన్ ట్వీడెన్ అనే రేడియో వ్యాఖ్యాత ఒక ఛాయాచిత్రాన్ని ప్రపంచం ముందుంచారు. అది 2006 డిసెంబరులో తీసినది. విదేశాలలో ఉన్న అమెరికా సైనికులకు వినోదం కలిగించేందుకు వెళ్లిన కళాకారుల బృందంలో వారిద్దరూ ఉన్నారు. తిరుగు ప్రయాణంలో సైనిక విమానంలో ఆమె శిరస్త్రాణం, రక్షణ కవచం ధరించి నిద్రపోతున్నారు. ఫ్రాంకెన్ ఆమె ఎదభాగంపైకి రెండు చేతులూ చాచి, కెమెరా వైపు తిరిగి నవ్వుతున్నారు. హాస్యనాటిక సాధన సమయంలో తన ఇష్టానికి వ్యతిరేకంగా ముద్దుపెట్టుకున్నారని కూడా ఆమె ఆరోపించారు.

ఫ్రాంకెన్ మొదట ఇచ్చిన వివరణ చాలా క్లుప్తమైనది. నాటిక సాధన విషయం తనకు ఆ విధంగా గుర్తులేదని, ఛాయాచిత్రం నవ్వించాలనే ఉద్దేశంతో తీసిందేనని, అయితే అది నవ్వు తెప్పించేది కాదని, అలా చేయకుండా ఉండవలసిందని ఆయన పేర్కొన్నారు. ఈ మాటలు చాలామందికి రుచించలేదు. అదే రోజు ఆయన మరొక సుదీర్ఘమైన ప్రకటన చేసి, ఆ చిత్రాన్ని చూస్తే తనకే సిగ్గు కలుగుతున్నదని, క్షమించమని కోరుతూ, సెనేట్ నైతిక వ్యవహారాల సంఘం తనపై విచారణ జరపాలని తానే కోరారు. ట్వీడెన్ ఆ క్షమాపణను అంగీకరించారు.

రెండు ప్రకటనలకు మధ్య ఉన్న భేదం గమనింపదగినది. మొదటి దానిలో 'నా ఉద్దేశం' ముఖ్యం. రెండవదానిలో 'ఆమె పొందిన బాధ' ముఖ్యం. క్షమాపణ తన ఉద్దేశాన్ని కాపాడుకోవడానికి చెప్పేది కాదు, ఎదుటివారి గౌరవాన్ని తిరిగి నిలబెట్టడానికి చెప్పేది.

ఇక ప్రజల స్పందన పలు విధాలుగా ఉన్నది. 'ఆయన హాస్యనటుడు, హాస్యమాడడం ఆయన వృత్తి. ఆమె కూడా ఆయనతో కలసి శృంగార హాస్య నాటికలో నటించింది కదా!' అన్నారు కొందరు. ఈ వాదన పైకి బాగానే ఉన్నట్లు తోస్తుంది. అయితే వేదికపై నటనకు ఇచ్చిన అనుమతి విమానంలో నిద్రకు వర్తించదు. నిద్రపోతున్న మనిషి అవునని గాని, కాదని గాని చెప్పలేదు. చెప్పలేని స్థితిలో ఉన్నవారిని నవ్వుకు వస్తువుగా చేయడం హాస్యం ఎట్లా అవుతుంది? 'చేతులు నిజంగా తాకాయా, పైన ఆనీ ఆనకుండా ఉన్నాయా?' అని చిత్రాన్ని పరిశీలించినవారు మరికొందరు. అంగుళాల లెక్కలో మునిగిన ఈ వాదం, మేలుకొని ఆ చిత్రాన్ని చూసుకున్న స్త్రీ మనస్సును మాత్రం లెక్కలోనికి తీసుకోలేదు.

'సాటర్డే నైట్ లైవ్'లో ఆయనతో పనిచేసిన 36 మంది స్త్రీలు, ఆయన తమను ఎన్నడూ అగౌరవపరచలేదని ఒక లేఖపై సంతకాలు చేశారు. వారి మాటలను అబద్ధమనవలసిన పనిలేదు. కాని ఒక వ్యక్తి పదిమందిని గౌరవించడం పదకొండవ వ్యక్తిని అవమానించలేదనడానికి సాక్ష్యం కాజాలదు.

మరొక స్పందన పక్షపాతంతో కూడినది. అంతకు ముందు సంవత్సరం, 2016 అక్టోబరులో, అధ్యక్ష పదవికి పోటీచేస్తున్న డొనాల్డ్ ట్రంప్ 2005లో మాట్లాడిన మాటల ధ్వనిముద్రణ బయటపడింది. పేరున్న మగవాడు స్త్రీలను తన ఇష్టం వచ్చినట్లు తాకవచ్చునన్నది ఆ మాటల సారాంశం. మగవాళ్లు దుస్తులు మార్చుకునే గదిలో ఆడుకొనే పిచ్చాపాటీగా ఆయన దానిని తేలికపరిచారు. తాను తప్పు చేశానని, క్షమాపణ కోరుతున్నానని కూడా చెప్పారు. ఆనాడు ఆ మాటలను కొట్టిపారేసినవారిలో కొందరు ఏడాది తిరిగేసరికి ఫ్రాంకెన్‌పై నిప్పులు చెరిగారు. ఆనాడు మండిపడినవారిలో కొందరు ఫ్రాంకెన్ విషయంలో సందర్భాన్ని చూడమన్నారు. తమ పక్షంవాడైతే పరిహాసం, ఎదుటి పక్షంవాడైతే పరాభవం అన్నారు. ఈ కొలబద్ద స్త్రీ గౌరవాన్ని కొలిచేది కాదు, ఓట్లను కొలిచేది.

ఆ తరువాత మరికొందరు స్త్రీలు కూడా ఫ్రాంకెన్‌పై ఆరోపణలు చేశారు. వాటిలో కొన్ని నిజం కావని, కొన్నిటిని తాను వేరుగా గుర్తుంచుకొన్నానని ఆయన అన్నారు. డిసెంబరు 6న కిర్‌స్టెన్ గిల్లిబ్రాండ్ మొదలుగా ఆయన సొంత పక్షానికి చెందిన సెనేటర్లే ఆయన వైదొలగాలని కోరారు. మరునాడు ఆయన రాజీనామా ప్రకటించారు. 2018 జనవరి 2న పదవిని వీడారు. అయితే కథ అక్కడ ముగియలేదు. 2019లో 'న్యూయార్కర్' పత్రిక ఈ వ్యవహారాన్ని పునఃపరిశీలించినప్పుడు, విచారణ పూర్తికాకుండానే రాజీనామా కోరినందుకు పలువురు సెనేటర్లు పశ్చాత్తాపం వెలిబుచ్చారు.

ఈ చివరి స్పందన ఆలోచింపదగినది. బాధితురాలి మాటను గౌరవంగా వినడం ఎంత అవసరమో, నిందితుని మాటను విచారణలో వినడం కూడా అంతే అవసరం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. విచారణ కోరడం న్యాయం; 'ఇంత చిన్న విషయానికి విచారణా?' అని నవ్వడం అన్యాయం. ఈ రెండవ మాటనే మన దేశంలో ఒక అధికారిణి ఎదుర్కొన్నారు. ఆమె పోరాటం ఈ అమెరికా సంఘటనకు దాదాపు మూడు దశాబ్దాల ముందు మొదలైంది.

1988 జూలై 18 రాత్రి చండీగఢ్‌లో ఒక ఉన్నతాధికారి ఇంట విందు జరిగింది. ఆ విందులో పంజాబ్ రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ కె.పి.ఎస్. గిల్, అతిథుల సమక్షంలో తన వెనుకభాగంపై చరిచారని ఐ.ఎ.ఎస్. అధికారిణి రూపన్ దియోల్ బజాజ్ ఫిర్యాదు చేశారు. ఆనాడు పంజాబ్ ఉగ్రవాదంతో అట్టుడుకుతున్నది. ఉగ్రవాదాన్ని అణచే వీరుడిగా గిల్ పేరు దేశమంతటా మారుమ్రోగుతున్నది. 1989లో కేంద్రప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది. అటువంటి వ్యక్తిపై ఇటువంటి ఫిర్యాదా అని ఆశ్చర్యపోయినవారు, గోరంతను కొండంత చేస్తున్నదని ఆమెనే తప్పుబట్టినవారు అనేకులు.

1989లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. సాధారణ వివేకం గలవారెవ్వరూ ఫిర్యాదు చేయనంతటి అత్యల్పమైన హాని నేరం కాదని చెప్పే భారత శిక్షాస్మృతి 95వ సెక్షన్‌ను కూడా అందుకు ఆధారంగా తీసుకొంది. ఇక్కడ సాకు 'హాస్యం' కాదు, 'అల్పం'. అయినా రెండూ ఒక తల్లి బిడ్డలే. దెబ్బ బరువును తూచవచ్చు; అవమానం బరువును తూచే త్రాసు ఏది?

రూపన్ దియోల్ బజాజ్ వెనుదిరగలేదు. సుప్రీంకోర్టును ఆశ్రయించారు. స్త్రీ మానమర్యాదలకు సంబంధించిన నేరం ఎన్నడూ అల్పమైనది కాజాలదని, దానికి 95వ సెక్షన్ వర్తించదని 1995 అక్టోబరు 12న సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. 1996లో చండీగఢ్ న్యాయస్థానం గిల్‌ను దోషిగా నిర్ధారించింది. అప్పీళ్ల తరువాత జైలుశిక్షకు బదులు ప్రొబేషన్ విధించినప్పటికీ, 2005లో సుప్రీంకోర్టు ఆయన దోషిత్వాన్ని ఖాయపరచింది. పరిహారంగా వచ్చిన రెండు లక్షల రూపాయలను ఆమె స్వీకరించలేదు. ఆ ధనం మహిళా సంస్థలకు ఇవ్వాలని న్యాయస్థానం ఆదేశించింది. అత్యున్నత పరిపాలనా సేవలో ఉన్న ఒక అధికారిణికే న్యాయం లభించడానికి పదిహేడేళ్లు పట్టింది. ఏ అండా లేని కూలి స్త్రీ, భయపడి ఎవరికీ చెప్పుకోలేని విద్యార్థిని మాటేమిటి? ఆమె పట్టుదల విలువ ఈ ప్రశ్న వేసుకొన్నప్పుడే మనకు తెలుస్తుంది.

మహాభారతంలోని కురుసభను ఇక్కడ స్మరించుకోవాలి. ద్రౌపదిని సభకు ఈడ్చుకొని వచ్చినప్పుడు దుర్యోధనునికి, కర్ణునికి అది వేడుక. భీష్మ ద్రోణాది పెద్దలు ధర్మసూక్ష్మం పేరుతో తలలు వంచుకొన్నారు. విదురుడు, వికర్ణుడు మాత్రం నోరు విప్పారు. పరాభవించినవాడు ఒక్కడైనా, దానిని సాగనిచ్చింది సభ. నవ్వేవాడికి ప్రేక్షకులు లేకపోతే ఆ నాటకం సాగదు. అందువల్లనే అటువంటి సమయంలో చుట్టూ ఉన్నవారి స్పందన నేరంతో సమానమైన ప్రాముఖ్యం గలది.

నేడు చట్టం ఈ విషయంలో సందేహానికి తావివ్వడం లేదు. 1997లో విశాఖ కేసు తీర్పు ద్వారా సుప్రీంకోర్టు పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు మార్గదర్శక సూత్రాలు నిర్దేశించింది. 2013లో అందుకు ప్రత్యేక చట్టం వచ్చింది. అదే సంవత్సరం శిక్షాస్మృతిలో 354-ఎ సెక్షన్ చేరి, అవాంఛిత స్పర్శతోపాటు లైంగిక ఛాయలున్న వ్యాఖ్యలను కూడా నేరంగా పేర్కొంది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 74, 75 సెక్షన్లు ఈ నేరాలకు సంబంధించినవి. పద్దెనిమిదేళ్ల లోపు వారికి 2012 నాటి పోక్సో చట్టం రక్షణ కల్పిస్తున్నది. దుస్తులపై నుండి తాకితే ఈ చట్టం వర్తించదన్న బొంబాయి హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2021 నవంబరులో రద్దుచేసింది. చర్మాన్ని తాకడం కాదు, తాకిన వ్యక్తి దురుద్దేశమే ప్రధానమని చెప్పింది.

మన కళాశాలలకు దగ్గరి విషయం మరొకటి ఉంది. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం, తోటి విద్యార్థిని ఆటపట్టించి అవమానించడాన్ని సైతం ఆరు నెలల వరకు జైలుశిక్ష విధించదగిన నేరంగా పరిగణించింది. 'సరదాకి చేశాం' అనే మాటకు ఆ చట్టంలో మినహాయింపు లేదు. ఆపదలో ఉన్న స్త్రీలు 181 నంబరుకు, బాలబాలికలు 1098 నంబరుకు ఫోన్ చేసి సహాయం పొందవచ్చు.

అయితే చట్టం తప్పు జరిగిన తరువాత వస్తుంది. సంస్కారం తప్పు జరగకముందే ఆపుతుంది. స్నేహితుడు ఒక అమ్మాయి భుజంపై అనవసరంగా చేయి వేసి నవ్వినప్పుడు, ఆ అమ్మాయి ముఖం చూడాలి. ఆమె నవ్వకపోతే మనం కూడా నవ్వకూడదు. 'ఇది బాగాలేదు' అనే ఒక్క మాట అక్కడే అనగలగాలి. బాధపడిన వ్యక్తి అబ్బాయి అయినా ఇదే నియమం. తప్పు మనవల్లనే జరిగితే 'నా ఉద్దేశం అది కాదు' అని మొదలుపెట్టక, 'నేను చేసింది తప్పు' అని ఒప్పుకోవాలి.

అభిమాన నటుడైనా, నాయకుడైనా, ప్రాణస్నేహితుడైనా కొలబద్ద మారరాదు. అది హాస్యమా, అవమానమా అని నిర్ణయించే హక్కు చేయి చాచినవానిది కాదు; ఆ దేహం ఎవరిదో వారిది.

కఠిన పదాలు - అర్థాలు

పరాభవం = అవమానం
వివేచన = మంచిచెడ్డలను విడదీసి ఆలోచించడం
ఎకసెక్కం = వెటకారం, ఎత్తిపొడుపు
శిరస్త్రాణం = తలకు రక్షణగా ధరించేది
క్లుప్తం = చాలా చిన్నది
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
పశ్చాత్తాపం = చేసినదానికి తరువాత బాధపడడం
సమక్షం = ఎదుట
త్రాసు = తూచే సాధనం, తక్కెడ
అవాంఛితం = కోరనిది

అభ్యాసం

I. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. వేదికపై నటనకు ఇచ్చిన అనుమతి విమానంలో నిద్రకు వర్తించదు.
2. దెబ్బ బరువును తూచవచ్చు; అవమానం బరువును తూచే త్రాసు ఏది?
3. నవ్వేవాడికి ప్రేక్షకులు లేకపోతే ఆ నాటకం సాగదు.

II. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అల్ ఫ్రాంకెన్ సంఘటనపై ప్రజలు ఏయే విధాలుగా స్పందించారు? వాటిలోని బలాబలాలను వివరించండి.
2. రూపన్ దియోల్ బజాజ్ న్యాయపోరాటాన్ని వివరించి, దాని ప్రాముఖ్యాన్ని తెలపండి.

III. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఫ్రాంకెన్ చేసిన రెండు ప్రకటనలకు మధ్య భేదమేమి?
2. బాధితురాలి మాట వినడం, విచారణ జరపడం పరస్పర విరుద్ధాలు కావని రచయిత ఎందుకన్నారు?
3. కురుసభ ప్రస్తావన ద్వారా పాఠం చెప్పదలచినదేమి?

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. భరతముని నవ్వును ఎన్ని విధాలుగా విభజించాడు?
2. శిక్షాస్మృతి 95వ సెక్షన్ దేనికి సంబంధించినది?
3. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది?

V. భాషాంశాలు
సంధులు:
అత్యల్పం = అతి + అల్పం - యణాదేశ సంధి
వాదోపవాదాలు = వాద + ఉపవాదాలు - గుణసంధి
ఆశ్చర్యమేముంది = ఆశ్చర్యము + ఏముంది - ఉత్వసంధి

సమాసాలు:
మానమర్యాదలు = మానమును, మర్యాదయు - ద్వంద్వ సమాసం
స్త్రీ గౌరవం = స్త్రీ యొక్క గౌరవం - షష్ఠీ తత్పురుష సమాసం
రెండు లక్షలు = రెండైన లక్షలు - ద్విగు సమాసం

VI. చర్చ
మీరు చూసిన ఏదైనా ఒక చలనచిత్రంలో నాయకుడు నాయికను వెంటపడి వేధించడం హాస్యంగా చిత్రించిన సన్నివేశాన్ని గుర్తుచేసుకోండి. ఆ సన్నివేశాన్ని నాయిక పక్షాన నిలబడి తిరిగి రాయండి.